ఇంకో పది నిమిషాలే

నాన్న పెట్టిన షరతు ఒక్కటే. మా అక్క సొల్మిని చేసుకోవాలంటే అబ్బాయి మా నాన్నతో పాటు గ్వానాక్‌సాన్ కొండ ఎక్కాలి, శిఖరం మీద పేరు చెక్కిన రాయి పక్కన నిలబడి ఫోటో దిగాలి. దిగితే పెళ్ళి, లేకపోతే లేదు. అంతే!

నాన్నంటే మామూలు మనిషి కాదు మరి. ప్రతి ఆదివారం పొద్దున్నే రెండు చేతికర్రలు, వెడల్పు టోపీ, ఎవరెస్టుకైనా సరిపోయేంత జాకెట్టు వేసుకుని మెట్రో ఎక్కేస్తాడు. సాయంత్రం మొహం ఎర్రగా కందిపోయి తిరిగొస్తాడు. "కొండగాలి!" అంటాడు. సియోల్ మొత్తానికి అంత ఎర్రబరిచే కొండగాలి మా నాన్నకే తగులుతుందేమో అని నాకు చిన్నప్పట్నుంచీ గర్వంగా ఉండేది.

ఇక అబ్బాయి తెహో. బంగారం లాంటి మనిషి, ఒకటే జబ్బు, నిజం చెప్పేస్తాడు. మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు "పులుసెలా ఉంది బాబూ" అని అమ్మ అడిగితే, "కొంచెం ఉప్పెక్కువైందండీ" అన్నాడు! నాన్న చెంచా గాల్లోనే ఆగిపోయింది. అందుకే కొండెక్కాల్సిన ఆదివారం ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ అక్క నాకు రెండు పనులు అప్పజెప్పింది. ఫోటో తీయడం, తెహో నోరు కాయడం.

"నాన్న ఏది వినాలనుకుంటే అదే చెప్పాలి. ఇవాళ ఒక్కరోజుకి" అని మెట్రోలో తెహోకి మళ్ళీ మళ్ళీ చెప్పాను.

"ఆయన ఏది వినాలనుకుంటున్నారో నాకెలా తెలుస్తుంది యుబిన్?"

"నేను కళ్ళతో సైగ చేస్తాగా!"

కొండ మొదట్లో తెహో వినయంగా వంగి "మావయ్యగారూ, బ్యాగు ఇలా ఇవ్వండి" అన్నాడు.

"ఇంకా అంత దూరం రాలేదు. సారూ అను" అన్నాడు నాన్న, బ్యాగు మాత్రం ఇచ్చేస్తూ.

సగం దారిలో ఒక ఊటనీళ్ళ చోటుంది, పక్కన బల్లలు. అక్కడిదాకా నాన్న లేడిపిల్లలా ఎక్కాడు. బల్లల మీద నాన్న వయసువాళ్ళే నలుగురు ఉల్లికాడల అట్టు విప్పుకుని, బియ్యపు కల్లు గిన్నెల్లో పోసుకుంటున్నారు.

"ఒరే మన్‌సొక్, లేటయ్యావేంట్రా! నీ చోటు కాచి పెట్టాం, కూర్చో!" అన్నాడొకడు నాన్నని చూసి.

"ఇవాళ కుదర్దు, పైకెళ్తున్నా" అన్నాడు నాన్న.

నలుగురూ గిన్నెలు దించేశారు.

"పైకా? నువ్వా? ఎందుకూ, ఏమైంది ఇంట్లో?"

"వీళ్ళకి అన్నీ జోకులే" అని నాన్న గబగబా నడిచేశాడు. నేను తెహో వైపు చూడలేదు. తెహో నా వైపు చూడలేదు. కొండగాలి ఎక్కడ తగులుతుందో మా ఇద్దరికీ తెలిసిపోయింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. మా దేశంలో కొండ దిగేవాళ్ళని "ఇంకెంత దూరమండీ" అని అడిగితే అందరూ ఒకే మాటంటారు. "వచ్చేశారండీ, ఇంకో పది నిమిషాలే!" ఎక్కేవాళ్ళ గుండె జారిపోకూడదని చెప్పే మాటది, ఎవరూ నమ్మరు. నాన్న నమ్మాడు! ఇన్నేళ్ళూ ఆ బల్ల మీద కూర్చుని, దిగేవాళ్ళ దగ్గర విని, ఎక్కేవాళ్ళకి తనూ అదే చెప్తూ వచ్చాడు. శిఖరం నిజంగానే అక్కడికి పది నిమిషాల్లో ఉందనుకున్నాడు పాపం.

పది నిమిషాలయ్యాయి. శిఖరం లేదు, మెట్లున్నాయి. ఆ మెట్లయ్యాక ఇంకా నిటారు మెట్లు. నాన్న ఒక ముసలావిడని ఆపి అడిగాడు.

"వచ్చేశావు నాయనా, పది నిమిషాలే!" అంటూ ఆవిడ చకచకా దిగిపోయింది.

ఇంకాసేపటికి ఒక జంట. "పది నిమిషాలండీ, కానివ్వండి!" ఆ తర్వాత కుక్కపిల్లని సంచిలో మోస్తున్న ఒకాయన. ఆయనా అంతే. నాన్న మొహం ఇప్పుడు నిజంగానే ఎర్రబడింది. బండ మీద కూలబడి, తెహో ఫోన్ వైపు గడ్డంతో చూపించాడు.

"ఏమయ్యా, దాంట్లో మ్యాపుంటుందిగా. ఇంకెంతుంది?"

తెహో ఫోన్ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కనుబొమ్మలు పైకీ కిందికీ ఆడించాను, చెప్పవయ్యా చెప్పు అన్నట్టు.

"ప... పది నిమిషాలండీ" అన్నాడు, ఫోన్ జేబులో దాచేస్తూ.

నాన్న మొహం వాడిపోయింది. లేచాడు. మళ్ళీ ఎక్కాం. మళ్ళీ అడిగాడు, మళ్ళీ పది నిమిషాలే. మూడోసారి లేస్తుంటే నాన్న మోకాళ్ళు గడగడా వణకడం చూశాను. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. నాన్న దగ్గరే అని వినాలనుకోవట్లేదు, దూరం అని వినాలనుకుంటున్నాడు! ఎవరైనా ఆ మాటంటే వెనక్కి తిరగొచ్చని. మేమేమో మంచితనంతో మనిషిని చంపుతున్నాం.

నేను కనుబొమ్మలు దించేలోపే తెహో బ్యాగు కింద పడేశాడు.

"సార్, అబద్ధం చెప్పాను. ఇంకా గంట పైనే ఉంది. పైన రాయి దగ్గర ఫోటోకి పెద్ద క్యూ అట, అదింకో గంట. నా వల్ల కాదు, నా మోకాళ్ళు పోయాయి."

నాన్న మొహం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! పిల్లాడి మోకాళ్ళు కదా, పద, దిగిపోదాం!"

సరిగ్గా అప్పుడే నా ఫోన్‌కి అక్క మెసేజ్. "ఎక్కారా? ఫోటో పంపు!!" నేను పైకే చదివాను. వెలుగంతా ఆరిపోయింది. షరతు నాన్నదే. దాని లెక్కన తెహో ఓడిపోయాడు.

నాన్న బ్యాగులోంచి కీరాముక్క తీసి కొరికాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ బండ కూడా బాగానే ఉంది. దగ్గర్నుంచి తీస్తే ఎవరికి తెలుస్తుంది?"

"అడిగితే నేను ఎక్కలేదనే చెప్తానండీ" అన్నాడు తెహో.

నేను కళ్ళు మూసేసుకున్నాను. అయిపోయింది పెళ్ళి.

"ఎందుకెక్కలేదంటే?" అన్నాడు నాన్న.

"నా మోకాళ్ళు నొప్పెట్టాయని."

"అది నిజమేనా?"

"నిజమేనండీ, చాలా నొప్పిగా ఉన్నాయి."

"మరి నా మోకాళ్ళో?"

తెహో బ్యాగు భుజానికెత్తుకున్నాడు. "వాటి గురించి ఎవరైనా అడిగితేనే చెప్పాల్సొస్తుందండీ."

నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ బండ మీంచి జారబోతే ఇద్దరం పట్టుకున్నాం.

"యుబిన్, మీ అక్కకి చెప్పు, పెళ్ళి ఖాయమని. నా గురించి ఇంత తెలిసినవాణ్ణి, అబద్ధం చెప్పడం చేతకానివాణ్ణి ఊరిమీద వదిలేయకూడదు. ఇంట్లో కట్టేసుకోవాలి!"

ఇంటికెళ్ళేసరికి అమ్మ పొయ్యి దగ్గరుంది.

"ఎక్కారా?"

"లేదండీ, నా మోకాళ్ళు నొప్పెట్టాయి" అన్నాడు తెహో.

నాన్న ఊపిరి బిగబట్టాడు. అమ్మ గరిటె పక్కన పెట్టి నాన్నని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. ఏమీ అడగలేదు. తెహోకి చల్లటి నీళ్ళిచ్చి అంది.

"ఫర్లేదులే బాబూ. ఈ ఇంటికి కొండలెక్కే మగాడు ఒక్కడు చాలు."