వీరదుర్గ రాసిన మూడో పేరు

2002 జూలై 29, సోమవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. సముద్రం మీంచి ఉప్పుగాలి వీస్తోంది. నాగాయలంకకు దిగువన, కాలువ ఆఖరున ఉన్న ఊళ్ళో సోషల్ టీచర్ మంగతాయారు తన ఏడో తరగతి విద్యార్థిని వీరదుర్గ ఇంటికి నడిచి వెళ్తోంది. ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. కారణం ఒక్క మార్కు.

"నీటి ఎద్దడి గల మూడు ప్రాంతాలను పేర్కొనుము" అన్న ప్రశ్నకు వీరదుర్గ అనంతపురం, కడప అని రాసి, మూడోదిగా సొంత ఊరి పేరు రాసింది. పాఠ్యపుస్తకంలో ఎద్దడి అంటే బీటలు వారిన నేల బొమ్మ, డెల్టా అంటే పచ్చటి చేను బొమ్మ. గుడివాడలో కాలువ గట్టునే పెరిగిన మంగతాయారుకు ఆ రెండో బొమ్మ మీద ఏనాడూ అనుమానం రాలేదు. మూడో పేరు కొట్టేసింది. ఆ మార్కు పోవడంతో, బందరు క్విజ్ పోటీకి వెళ్ళే అవకాశం వీరదుర్గకు తప్పి అదే తరగతిలోని సందీప్‌కు దక్కింది.

గుమ్మంలో నాయనమ్మ సత్యవతమ్మ నిండు చెంబుతో ఎదురొచ్చింది. "రండి పంతులమ్మగారూ, ఎండనపడి వచ్చారు."

మంగతాయారు చెంబు అందుకుని, గుడివాడలో ఏ ఇంటికి వెళ్ళినా చేసినట్టే, నీళ్ళన్నీ కాళ్ళమీద పోసుకుంది.

"తాగడానికండీ అవి!" వీరదుర్గ ఉండబట్టలేక అనేసింది.

"నోర్ముయ్యవే," అని కసిరిన నాయనమ్మే నవ్వాపుకోలేకపోయింది. "పోన్లెండి. మా పెళ్ళికొడుకులక్కూడా ఇంత మర్యాద జరగలేదు. మేం కాళ్ళు ఉప్పుటేట్లో కడుక్కుంటాం."

మంగతాయారు మొహం ఎర్రబడింది. "మరి బావి?"

"ఎక్కడ తవ్వినా ఉప్పేనండీ. కాలువ వదిలితేనే చెరువు నిండేది. పైఊళ్ళవాళ్ళు నాట్లకు పెట్టుకోగా మిగిలింది మాకు. ఈ ఏడు ఇంకా వదల్నే లేదు. ట్రాక్టరు ట్యాంకీ వస్తే రెండు బిందెలు పట్టుకుంటాం."

పైఊళ్ళలో తన పుట్టింటి పొలమూ ఉంది. ఆ చేను పచ్చగా ఉండటానికీ ఈ చెంబు ఖాళీ కావడానికీ ఉన్న సంబంధం ఏ పాఠంలోనూ లేదని మంగతాయారుకు అప్పుడు తట్టింది.

"దుర్గా, నీ జవాబు సరైనదే. తప్పు నేను దిద్దడంలో ఉంది. బందరుకు నువ్వే వెళ్తున్నావు. లే, అన్నం తిను."

"సందీప్ ఏడుస్తాడండీ."

"వాళ్ళింటికీ వెళ్ళి చెప్తాను. ఈసారి కాళ్ళు కడుక్కోను."

వీరదుర్గ బందరు నుంచి మూడో బహుమతితో తిరిగొచ్చింది. ఆ ఊరికి కుళాయి నీళ్ళు 2008లో వచ్చాయి.