మూరెడు ప్లాట్‌ఫారం మీద పావుగంట ఎండ

ఆ ఇంట్లో ముందుగది రైళ్ళపాలై ఏడేళ్ళయింది. మంచం గోడకి నిలబడింది, బీరువా వరండాలోకి నడిచింది, మిగిలిన చోటంతా నడుమెత్తున ఒక చెక్కబల్ల పరుచుకుంది. దాని మీద స్టేషను, నీళ్ళ ట్యాంకు, సిగ్నలు స్తంభాలు, మూరెడు ప్లాట్‌ఫారం, ఆ పక్కన జానెడు ఆవిరి ఇంజను, దాని వెనక రైలుపెట్టెలు. ఈ సంబరమంతా చేసుకున్నవాడు చిన్నపిల్లాడనుకునేరు, నలభై రెండేళ్ళ సంసారి. పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళు చేసిపెట్టడం అతని వృత్తి. ఆ వీధిలో సగంమంది నవ్వులు అతని చేతిమీదుగా వచ్చినవే.

పళ్ళకి వాడే పనిముట్లే ఇంజనుకీ వాడతాడు. పంటి సందులు గీకే కొక్కెంతో బాయిలరు మీద రివెట్లు పెట్టాడు. ఒక్కో రివెట్టూ సూదిమొన మీద నిలిచేంత జిగురు చుక్క, మొత్తం ఆరువందల చిల్లర. అసలు బొగ్గునే నలగ్గొట్టి, టీ వడపోసే జల్లెడలో జల్లించి, వెనక బొగ్గుపెట్టెలో పోశాడు. ఆ జల్లెడ గురించి ఇంట్లో జరిగిన యుద్ధం సంగతి ఇప్పుడెందుకు లెండి. మసి, తుప్పు, నూనె మరకలు అద్దడానికే మూడు నెలలు పట్టింది.

ఇంత అవస్థా ఒక్క మనిషి కోసం. ఆ మనిషి మామగారు. ముప్ఫై ఏళ్ళు అచ్చం అలాంటి ఇంజను మీదే ఫైర్‌మన్‌గా బొగ్గు వేసినాయన. ఏడాదికోసారి కూతురింటికి వస్తారు. అల్లుడు చూపించిన ఫోటోని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూస్తారు. "బొమ్మ బాగుందండీ అల్లుడుగారూ" అని తిరిగిచ్చేస్తారు. ఎంతో మర్యాదగా అంటారు. ఆ మర్యాదకే అల్లుడికి ఒళ్ళు మండుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది ఆయన కళ్ళకి ఇంజనులా కనబడితే చాలు, అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఇవాళ దాటితే ఆ ముచ్చట తీరదు. మామగారు తెల్లవారగానే బస్సెక్కుతున్నారు. అది చాలదన్నట్టు పక్కింటివాళ్ళు మేడ మీద మేడ వేస్తున్నారు. పడమటి కిటికీలోంచి సాయంత్రం పావుగంటసేపు బల్ల మీద ఏటవాలుగా ఎండ పడుతుంది. ఆ గోడ ఇంకో నాలుగు వరసలు లేచిందంటే ఇక ఈ జన్మకి పడదు. ట్యూబులైటు కింద ఎంత గొప్ప ఇంజనైనా అంగట్లో సరుకులాగే ఉంటుందని అతనికి అనుభవం మీద తెలుసు.

ఫోటో తీసేది భార్య. పాస్‌పోర్టు ఫోటోల స్టూడియోలో ఆమె ఉద్యోగం. రోజూ వందమందికి గడ్డం దించమనీ భుజాలు సర్దుకోమనీ చెప్పి చెప్పి అలవాటైన నోరు, ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా.

"నాలుగు ముప్ఫై ఎనిమిది," అందామె, చిన్న కెమెరాని పట్టాలకి ఆనించి పెడుతూ. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ గోరంత మనిషి కళ్ళకి ఎలా కనబడుతుందో అలా రావాలి ఫోటో. "రెండు నిమిషాల్లో ఎండొచ్చేస్తుంది. బాయిలరు మీద ఆ వెంట్రుక తీయండి."

"ఏదీ, ఎక్కడ?"

"పొగగొట్టం పక్కన. మీదే. ఉన్న నాలుగూ ఇంజను మీదే రాలుస్తున్నారు."

అతను పట్టకారుతో వెంట్రుక లాగేశాడు. నవ్వులాట కాదు, ఫోటోలో అది పడవ కట్టే మోకంత కనబడుతుంది. కాలు ఒకచోట నిలవట్లేదు, బల్ల చుట్టూ ఇప్పటికి ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు.

బల్ల కింద కరెంటు పొయ్యి, దాని మీద కెటిలు, కెటిలు ముక్కుకి సన్నటి రబ్బరు గొట్టం. ఆ గొట్టం రెండో కొస బల్లకి చేసిన కంతలోంచి పైకొచ్చి, కెమెరాకి కనబడకుండా ఇంజను పొగగొట్టం వెనక నక్కి ఉంది. ఆవిరి అక్కడినుంచి లేవాలి.

"నాన్నా, నువ్వు కాస్త ఆ కెటిలు దగ్గర కూర్చోవా. మాకు చేతులు చాలట్లేదు," అని తండ్రిని పిలిచిందామె.

మామగారు పేపరు మడిచి వచ్చి, కెటిలు మూత తీసి చూశారు. "ఇంత నీళ్ళు పోస్తే ఆవిరి రేపటికి లేస్తుందమ్మా," అని సగం వంపేశారు. పీట లాక్కుని కూర్చున్నారు. సరిగ్గా ఇంజను ఎత్తుకి వచ్చింది ఆయన తల.

అప్పుడొచ్చింది ఎండ. కిటికీ ఊచల మధ్యనుంచి జారి, ప్లాట్‌ఫారం మీద పాకి, ఇంజను పక్కల మీద పడింది. ఆరువందల రివెట్లకీ ఆరువందల నీడలు లేచాయి. బొగ్గు మిలమిల్లాడింది. అల్లుడికి గొంతులోంచి కేక తన్నుకొచ్చింది, బల్ల కదులుతుందని మింగేశాడు.

"ఈ ఇంజను ఎవరూ ఎక్కలేదండీ," అన్నారు మామగారు తాపీగా.

"ఏమిటి మావయ్యగారూ?"

"మెట్ల పక్కన చేతికడ్డీ చూడండి. దానిక్కూడా మసి పూశారు. ఇంజనంతా మసి కొట్టుకుపోయినా ఆ కడ్డీకి మాత్రం పట్టదండీ. డ్రైవరు పట్టుకుంటాడు, నేను పట్టుకుంటాను, రోజుకి ఇరవైసార్లు ఎక్కుతాం, దిగుతాం. చేతులు పడి పడి వెండిలా ఉంటుంది."

అల్లుడు వంగి కడ్డీ చూశాడు. మెరిస్తే ఆటవస్తువులా ఉంటుందన్న భయంతో ఎక్కడా ఇసుమంత మెరుపు మిగలకుండా మూడు పూతలు పూసింది తనే. కడ్డీకైతే నాలుగు. అదేదో ఘనకార్యమైనట్టు భార్యకి పిలిచి మరీ చూపించాడు కూడా.

"పన్నెండు నిమిషాలుంది," అందామె గడియారం చూసి. "చేస్తే చెయ్యండి, లేకపోతే ఇలాగే ఫోటో తీసేస్తాను. ఏదో ఒకటి చెప్పండి."

"చేస్తాను."

కట్టుడుపళ్ళకి మెరుగుపెట్టే మెత్తటి ఉన్ని ముక్క సూదికి చుట్టి వంగాడు. కడ్డీ అంటే ఎంతనుకున్నారు, గుండుసూదిలో సగం. గట్టిగా రుద్దితే ఊడి బొగ్గులో పడుతుంది, మళ్ళీ అతికించే వ్యవధి లేదు. ఎదుటివాడి నోటికి కొలత తప్పకుండా పన్ను సరిపెట్టిన చేతులవి, ఇవాళ వాటినీ నమ్మలేదతను. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రుద్దాడు. పక్కింటి గోడ నీడ అప్పుడే ప్లాట్‌ఫారం చివర మెట్టెక్కింది.

"ఆరు నిమిషాలు. తల పక్కకి పెట్టండి, మీ నీడ పడుతోంది."

"ఉండవే, వస్తోంది."

నలుపు పోయి కింద ఉక్కు తేలింది. ముందు మధ్యలో ఒక గీత, తర్వాత పైకీ కిందకీ. చేతులు ఎక్కడ పడతాయో అక్కడ మాత్రం తెల్లగా, రెండు కొసలా మసి అలాగే. అతను వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఆ ఒక్క కడ్డీతో ఇంజనుకి ప్రాణం లేచొచ్చింది.

"నాన్నా, ఆవిరి."

మామగారు గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కిపట్టి వదిలారు. పొగగొట్టం మీద తెల్లటి ఆవిరి గుప్పున లేచి, ఎండ తగిలి బంగారు రంగుకి తిరిగింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ వదిలారు. ఆ వేళ్ళకి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేకపోయింది. "అలాగే ఉండు బంగారం, కదలకు," అంటూ భార్య ఇంజనుకి చెప్పి నొక్కింది. ముందుచక్రాలకి ఒకటి, కిటికీకి ఒకటి, వెనక పెట్టెలకి ఒకటి, వరసపెట్టి ఇరవై. ఇరవై ఒకటోదానికి ఎండ వెళ్ళిపోయింది.

ఆమె తీసినవాటిలోంచి ఒకటి ఎంచి, పెద్దది చేసి, కెమెరా తండ్రి చేతికిచ్చింది. అల్లుడు పంటి బిగువున నిలబడ్డాడు, మామగారి మొహంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆయన చెయ్యి చాపలేదు. కెమెరాని ముక్కుదాకా తెచ్చుకున్నారు.

"ఇది నిలబడి ఉందా, కదలబోతోందా?" అన్నారు చివరికి.

"కదలబోతోందండీ. సిగ్నలు ఇచ్చేశారు."

"సిగ్నలిస్తే? సిలిండరు కుళాయిలు తియ్యకుండానే?" ఆయన గొంతు లేచింది. "ఇంతసేపు నిలబడ్డ ఇంజనులో ఆవిరి చల్లారి నీరైపోదూ? ఆ నీరు బయటికి వదలకుండా కదిలిస్తే సిలిండరు మూత ఎగిరిపోతుంది. ముందుచక్రాల దగ్గర ఆవిరేదీ? ఎవడయ్యా డ్రైవరు?"

"నేనేనండీ," అన్నాడు అల్లుడు నీళ్ళు నములుతూ.

"బుద్ధుందా నీకు? వెనక పెట్టెల నిండా జనం. ఆడవాళ్ళు, పిల్లలు. నేను పక్కనే చచ్చానుగా, ఒక్క మాట అడగొద్దూ?"

"నాన్నా," అంది కూతురు మెల్లగా. ఆయనకి వినబడలేదు. పీట మీదనుంచి లేచి, రబ్బరు గొట్టం పొగగొట్టం దగ్గర్నుంచి లాగి, ముందుచక్రాల పక్కకి వంచి పట్టారు. చక్రాల మధ్యనుంచి ఆవిరి బుస్సుమని నేలబారుగా పరుచుకుంది. అది పలచబడేదాకా రెప్ప వెయ్యకుండా చూశారు.

అల్లుడికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం చాటంతయింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఇన్ని తిట్లు తినడం ఇదే మొదటిసారి, ఇంకో నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

"తప్పయిపోయిందండీ," అన్నాడు.

"సర్లే. నీరంతా పోయింది." మామగారు గొట్టం పక్కకి తప్పించి, నడుం మీద చెయ్యేసుకుని, పట్టాల పొడుగునా చూశారు. "దారి బాగానే ఉంది. పోనియ్యి, ఇప్పటికే ఆలస్యమైంది."

అల్లుడు బల్ల అంచున రైలు నడిపే మీట తిప్పాడు.