కొండ తెలిసిన గొర్రెలు

లౌరీ వస్తోందని ఎమిర్ మంగళవారం పూట గడ్డం గీసుకున్నాడు. ఆదివారం ప్రార్థనకీ, గొర్రెల సంతకీ తప్ప దాని జోలికి పోని మనిషి. పెనం మీద కిస్‌మిస్ రొట్టెలు తిప్పుతూ నెరిస్ ఓరకంట చూసింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో తన కోసం ఎప్పుడైనా గీసుకున్నాడా అని ఆలోచిస్తూ ఒక రొట్టె మాడబెట్టింది. ఆ మాడినదాన్ని లౌరీ ప్లేటులోనే పెట్టింది. తప్పని తెలుసు, అయినా పెట్టింది.

లౌరీది రైతులకు సలహాలిచ్చే ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. వచ్చీ రాగానే వంటింటి బల్ల మీద కాగితాలు పరిచింది.

"ఇంకా ఐదు వారాలే ఉంది. మార్చి ఇరవై తొమ్మిదిన బ్రిటన్ ఒప్పందం లేకుండా యూరోపియన్ యూనియన్‌లోంచి బయటపడితే వాళ్ళకి మనం పరాయి దేశమే. ప్రపంచ వాణిజ్య నియమాల ప్రకారం మన గొర్రె మాంసం మీద ధరలో దాదాపు సగం దాకా సుంకమే పడుతుంది. ప్రతి లోడుకీ పశువైద్యుడి పత్రం కావాలి. అందుకని నిరుటి గొర్రెపిల్లల్ని గడువుకు ముందే అమ్మేయండి."

"ఎంత బాగా విడమరిచి చెప్పావమ్మా," అన్నాడు ఎమిర్, నున్నటి గడ్డం నిమురుకుంటూ.

నెరిస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈ మాటలన్నీ క్రిస్మస్‌కి ముందే తను చెప్పింది. ప్రభుత్వం పంపిన నోటీసులన్నీ గిన్నెలు తోమాక కూర్చుని చదివి, ఫ్రాన్సు కొనకపోతే ఈ వేల్స్ కొండల్లో గొర్రెపిల్లల ధర ఏమవుతుందో పూసగుచ్చినట్టు చెప్పింది. అప్పుడాయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "నీకెందుకే ఆ గొడవలు" అన్నాడు. అత్తగారు పక్కనుంచి "మా కోడలికి చదువెక్కువ, చెయ్యి నెమ్మది" అంది. అవే ముక్కలు ఈ పిల్ల నోట్లోంచి వస్తే తలూపుతున్నాడు. లౌరీ గోళ్ళ కింద మట్టి లేదు. కప్పు ఖాళీ అయితే తను లేవక్కర్లేదు, ఎవరో నింపుతారు. ఆ నింపేది నెరిసే.

"ఇంకో దారి కూడా ఉంది," అంది లౌరీ. "కొండ మీది తల్లి గొర్రెల్లో సగం అమ్మేయండి. పరిస్థితి కుదుటపడ్డాక మళ్ళీ కొనుక్కోవచ్చు."

నెరిస్‌కి పట్టరాని సంతోషం కలిగింది. దొరికిపోయింది పిల్ల. కంచె లేని కొండ అది. ఏ వాగు దాకా తమదో, ఏ రాయి దాటకూడదో తల్లి గొర్రే తన పిల్లకి నేర్పుతుంది. వాటిని అమ్మేస్తే ఆ ఎరుక కూడా పోతుంది. కొత్తగా కొన్నవి వారం తిరక్కుండా దారి తప్పి లోయలోకి దిగిపోతాయి. అందుకే ఇక్కడ పొలం చేతులు మారినా మంద కదలదు. ఇది ఎమిర్‌కి తెలియదా? తెలుసు.

"సరే, అలాగే చేద్దాం," అన్నాడు ఎమిర్.

ఒక్క క్షణం ఆమెకి ఊరుకుందామనిపించింది. అమ్మెయ్యనీ, కొండ ఖాళీ అవనీ, ఈ నున్నటి గడ్డం అప్పుడు ఎవరికి చూపిస్తాడో చూద్దాం. కానీ చలికాలమంతా మంచులో ఆ గొర్రెలకి గడ్డి మోసింది తను.

"అవి అమ్మడానికి వీల్లేదు," అని కారణమంతా విడమరిచి చెప్పింది.

"నువ్వు టీ సంగతి చూడవే," అన్నాడు ఎమిర్.

లౌరీ చెవులు ఎర్రబడ్డాయి. "ఆగండి. నేను పల్లపు ఊరిదాన్ని, నాకిది తెలియదు," అని ఆ పేజీ కొట్టేసి, నెరిస్ చెప్పిందంతా రాసుకుంది. మాడిన రొట్టె కూడా మాట్లాడకుండా తినేసింది. ద్వేషించడానికి వీలిచ్చే పిల్ల కూడా కాదు, అదొక బాధ. చివర్లో సంతకం చేయాల్సిన పొలం వివరాల కాగితం చూసి, "యజమానుల్లో ఎమిర్ గారు, వాళ్ళమ్మగారు ఉన్నారు. మీ పేరు లేదేం?" అని అడిగింది.

"ఆవిడ ఊరికే సాయం చేస్తుంది," అన్నాడు ఎమిర్.

కారు గేటు దాటాక ఆయన నవ్వాడు. "ఆ పిల్లంటే నీకు కుళ్ళు."

"అవును, కుళ్ళే," అంది నెరిస్. "నువ్వు గడ్డం గీసుకున్నందుక్కూడా. కానీ అంతకంటే, ఆమె చేసేదాన్నయితే పని అంటారని."

లౌరీ వదిలిన కాగితాన్ని ఎమిర్ సంతకం కోసం ఎప్పట్లాగే ఆమె ముందుకి తోశాడు. గొర్రెపిల్లల్ని సంతకి పంపాలన్నా, మందుల లెక్క రాయాలన్నా ఇన్నేళ్ళూ అన్నిటి మీదా ఆయన సంతకం పెట్టింది నెరిసే. ఆ వంకర గీత ఆయన కంటే ఆమెకే బాగా వచ్చు.

"నీ సంతకం ఇక నువ్వే పెట్టుకో," అని ఆమె కాగితాన్ని వెనక్కి తోసింది.

ఆయన విసుక్కుంటూ పెన్ను తీసుకున్నాడు. కాగితాన్ని తిరగేశాడు, మళ్ళీ తిప్పాడు.

"ఎక్కడే పెట్టాలి?"

"చూపిస్తాను," అంది నెరిస్. "ముందు యజమానుల గడిలో నా పేరు రాయి."