పైకి పోయిన వేడినీళ్ళు

ఉదయం ఏడింటికి అత్తగారు తలకు సబ్బు పట్టించుకుని ఉండగా కుళాయిలో చన్నీళ్ళు వచ్చాయి. పెద్దకోడలు గీజరు కట్టేసి అప్పటికే అరగంట అయింది.

అత్తగారు కింది వాటాలో పెద్దకోడలి దగ్గరే ఉంటుంది. పై వాటాలో చిన్నకోడలు కాపురం పెట్టి ఏడాది. మెట్ల కింద రెండు కరెంటు మీటర్లూ పక్కపక్కనే ఉన్నాయి. పైవాళ్ళది నత్తనడక, కిందివాళ్ళది పరుగు. చిన్నది గీజరు వేయకుండానే ఇంటిల్లిపాదికీ వేడినీళ్ళు పోస్తోందనీ, మిద్దె మీద గొట్టం ఎండకు కాగుతుందని కనిపెట్టిందనీ అత్తగారు వచ్చిన చుట్టాలందరికీ చెప్పింది. కిందటి వారం ఇంకో మాట కూడా అంది. చలి తగ్గేదాకా మంచం పైకి మార్పించుకుంటుందట.

పెద్దకోడలికి ఆ పూట అన్నం సయించలేదు. అత్తగారికి ఏ మాత్ర పడుతుందో, ఏది పడదో తనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? నిన్నగాక మొన్న వచ్చిన మనిషి గొట్టం చూపించి ఎగరేసుకుపోతుందా?

మర్నాటి నుంచి ఆవిడ పొదుపు మొదలుపెట్టింది. పగలూ రాత్రీ వేసి ఉంచే గీజరును పొద్దున కాసేపే వేసింది. అందులో వేడి తగ్గించింది. ఇస్త్రీ వారానికోసారి అంది. టీవీ ప్లగ్గు పీకింది. ఒక రాత్రి ఫ్రిజ్ కూడా కట్టేస్తే పాలు విరిగాయి. ఎవరు స్నానానికి వెళ్ళినా తలుపు కొట్టి, అయిందా అని అడిగింది. ఇన్ని చేసినా పై మీటరును అందుకోలేకపోయింది.

ఆవేళ అత్తగారు తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి చిన్నకోడలు తడి జుట్టుతో కిందికి దిగింది.

"అక్కా, మీకూ చన్నీళ్ళేనా?"

"మీ గొట్టానికి ఇవాళ ఎండ తగల్లేదేమో," అంది పెద్దకోడలు.

"ఎప్పుడూ ఇలా లేదక్కా. ఈ వారంలోనే. అంతకుముందు రాత్రిపూట తిప్పినా వేడిగానే వచ్చేవి."

"రాత్రిపూట ఏ ఎండమ్మా?"

పెద్దకోడలు ఫోను తీసి ప్లంబరును పిలిచింది.

అతను రెండు స్నానాలగదులూ చూశాడు. ఇల్లు ఒకటిగా ఉన్నప్పుడు కింది గీజరు నుంచే పై అంతస్తుకూ వేడినీళ్ళు వెళ్ళేవి. వాటాలు వేసినప్పుడు పైన కొత్త గీజరు, కొత్త కుళాయి పెట్టారు. పాత గొట్టానికున్న వాల్వు మాత్రం ఎవరూ మూయలేదు. చిన్నకోడలు వచ్చిన రోజు నుంచీ గోడకున్న పాత కుళాయే తిప్పుతోంది.

"మీరు కాచిన నీళ్ళేనమ్మా పైన పోసుకుంటున్నది," అన్నాడు.

పెద్దకోడలు అతన్ని అత్తగారి ముందుకు తీసుకెళ్ళి ఆ మాటే మళ్ళీ చెప్పించింది. చిన్నకోడలు తల వంచుకుని, నిజంగా తెలియదని, ఇకనుంచి తమ గీజరే వేసుకుంటామని అంది. పెద్దకోడలికి ఏడాదిగా లేని ఆకలి వేసింది.

"విన్నారుగా అత్తయ్యా. ఆ వేడినీళ్ళు మనవే. ఇక పైకెందుకు? మీకెన్ని కావాలంటే అన్ని కాచి పెడతాను."

అత్తగారు తువ్వాలు దులిపి కుర్చీ మీద ఆరేసింది.

"నీళ్ళు ఎవరివైతే ఏంటే? ఏడాదిగా దాన్ని అనవసరంగా పొగిడాననుకో. ఒప్పుకుంటా. కానీ ఈ వారం రోజులూ ఒక్క పూటైనా నన్ను తిన్నగా స్నానం చేయనిచ్చావా? సబ్బు తీస్తే తలుపు, చెంబు తీస్తే తలుపు. పైన చన్నీళ్ళొచ్చినా పోసుకుంటా. తలుపు కొట్టేవాళ్ళుండరు."

"మీ కోసమే కదత్తయ్యా చేసింది."

"నా కోసమా, దాని మీటరు కోసమా?"

పెద్దకోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. ప్లంబరు వాల్వు మూసి, పై గీజరు వేసి చూపించి వెళ్ళాడు.

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ మంచం పైకి మోశారు. పరుపు మెట్ల మలుపులో ఇరుక్కుంటే పెద్దకోడలు వచ్చి ఒక అంచు పట్టుకుంది.