తలుపు కొట్టని సర్వే

మార్తమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, గుమ్మానికి వేలాడే పాత చీరని పక్కకి కట్టి, పొయ్యి వెలిగించేది. ఆ ఇంటికి తలుపు లేదు. అది వెంకట్రాజు వెంట తిరగడానికి వెళ్ళి ఆర్నెల్లయింది.

ఎవరా వెంకట్రాజు అంటారా? దేశమంతా చేసే ఆరోగ్య సర్వేకి కొల్లేటి లంకలకొచ్చిన పెద్దమనిషి. ఏ జబ్బు గురించి జనానికేం తెలియాలో ఇంటింటా అడిగి రాసుకెళితే, చెప్పడానికి నర్సుని పంపుతారు. ఆ మహానుభావుడేమో బండి మీదొచ్చి, నలభై తలుపుల మీద సుద్దముక్కతో నంబర్లు గీకి, అడగడానికి మధ్యాహ్నం వస్తానని చెప్పి, ఉంగుటూరు టీకొట్లో కూర్చుని జవాబులన్నీ తనే ట్యాబ్‌లో కొట్టేశాడు. ఈ ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసట!

మార్తమ్మ ఆవేళ కూలి మానుకుని మరీ కనిపెట్టుకుని కూర్చుంది. మొగుడు వరదానం చేపల చెరువుల్లో వలలు లాగి, ఒళ్ళునొప్పులకి రోజూ రెండేసి బిళ్ళలు మింగేవాడు. అలా మింగొచ్చా అని అడగాలనుకుంది. అడిగేవాడు రాలేదు, నర్సూ రాలేదు. ఆ బిళ్ళలకి కిడ్నీలు పోయి వరదానం పోయాడు. సమాధి చేసి వచ్చిన మర్నాడే తలుపు తన బందులు తనే ఊడదీసుకుని బయల్దేరింది.

బస్సులో దానికి కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు. వెంకట్రాజు ఇల్లూ ఆఫీసూ ఉన్న ఏలూరులో అది అతనెటు వెళ్ళబోతే అటు అడ్డంగా నిలబడేది. పెళ్ళాం గాయత్రి అన్నం కంచం పక్కనుంచి అందించేది. "కొట్టి చూడండి సార్," అనేవాడు అటెండరు. ఎంత కొట్టినా ఎవరు తీస్తారు?

అంతలో జిల్లా సర్వేకంతటికీ అతన్నే అధికారిని చేస్తామన్నారు. తలుపు అడ్డంగా నిలబడితే ఆ ఆర్డరెలా అందుకుంటాడు? దాని మీది సుద్ద నంబరు చూసుకుని, నెత్తిన మోసుకుంటూ లంకకొచ్చాడు.

"దీన్ని ఉంచేసుకోండమ్మా. రేపు నాకు ఆర్డరిస్తారు."

"బిగించండి," అంది మార్తమ్మ. బిగించాక లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. "ఇప్పుడు కొట్టండి."

కొట్టాడు. ఆమె పీటేసుకుని కొర్రమీను పొలుసు తీస్తోంది. "వినబడట్లేదండీ," అంది. వేళ్ళు చీరుకుపోయేదాకా కొట్టాడు. ఆ చప్పుడు ఆమె ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! ఉండదూ మరి?

చేతులు కడుక్కుని తీసింది. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది.

"ప్రశ్నలడగమంటారా అండీ?" అన్నాడు వెంకట్రాజు.

"చెప్పాల్సిన మనిషి పోయాడండీ. నేను చెప్పింది రాయండి. 'ఈ ఇంట్లో నేనెవర్నీ అడగలేదు. తక్కిన ముప్ఫైతొమ్మిది ఇళ్ళలోనూ అడగలేదు' అని. రాసి పై ఆఫీసుకి పంపండి."

"నా ఉద్యోగం పోతుందమ్మా!"

"పోతుందండీ. అందుకే రాయమంటున్నాను."

అతని వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది. వెంకట్రాజు దానికేసి చూసి, ట్యాబ్ తీసి రాసి, పంపించాడు.

"ఇప్పుడు గట్టిగా చదవండి. సమాధుల దొడ్డిదాకా వినబడాలి."

చదివాడు. సగంలో గొంతు తగ్గిస్తే, మార్తమ్మ మళ్ళీ మొదట్నించీ చదివించింది.