ఇంకింత

తడి లేదు, బొటనవేలితో ఎంత నొక్కి చూసినా తడి లేదు, స్నానాల గదిలో ఇంత గరుకు బండలు పరిచినవాడెవడో బుద్ధిమంతుడు, గోడకు ఇనుప కడ్డీ కూడా ఉంది, గట్టయ్య రెండు చేతులా పట్టుకుని గుంజాడు, కదల్లేదు, కదిలితే బాగుండునని ఎందుకనిపించిందో, బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ నెత్తిమీది బండ కదలొద్దని మొక్కిన మనిషికి, మొన్న ఇంట్లో స్నానం చేసే జాలారు దగ్గర సారక్కకు నీళ్లు పోస్తుంటే తన చేతుల్లోంచి ఆమె జారిపడిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది, పక్షవాతం వచ్చిన పెండ్లాం, నానిన పత్తి బస్తాలా బరువెక్కింది, లేపుదామంటే ఆయన నడుం బాయిలోనే అరిగిపోయింది, పిల్లలా పుట్టలేదు, నుదురు పగిలి నెత్తురు కారుతుంటే మాటరాని సారక్క, ఏం కాలేదు పో అన్నట్టు చూసింది, ఆ చూపు తట్టుకోలేకే కదా ఆమెను పక్కింటి కనకవ్వకు అప్పజెప్పి మంచిర్యాలలోని ఈ ముసలివాళ్ల ఆశ్రమం చూడ్డానికి వచ్చింది, ఏంది పెద్దయ్యా కడ్డీ ఊడబీకి ఇంటికి పట్టుకపోతవా, అని ఆశ్రమం నడిపే రాధాబాయి నవ్వింది, జర చూసుకుంటున్ననమ్మా, అన్నాడు, చూసుకో చూసుకో, పిల్లనిచ్చేటోళ్లు గూడ గింత చూడరు, అంది, ఆ మాట ముల్లులా దిగింది, తను సారక్కను ఇక్కడ ఇచ్చిపోదామనే వచ్చాడు, దుప్పటి వాసన చూశాడు, సబ్బు వాసనే, మంచంలోని దేవవ్వను అడిగాడు, ఎట్ల చూస్తరవ్వా అని, పుండ్లు పడకుంట అటిటు మర్లేస్తరు బిడ్డా, పెంక మీది రొట్టె లెక్క, అని బోసినోటితో నవ్వింది, అంతా మంచిగానే ఉంది, ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్క తప్పు దొరికితే బస్సెక్కి ఇంటికి పోవచ్చు.

తిని పో పెద్దయ్యా, అన్నారు, వరుసలో కూర్చున్నాడు, వంటచేసే అనసూర్య చేతులు కడుక్కోవడం కూడా చూశాడు, పప్పుచారు కమ్మగా ఉంది, రెండు బుక్కలకే అన్నం అయిపోయింది, ఇంకింత పెట్టాల్నా, అంటూ ఆమె మళ్లీ వచ్చింది, సాలు బిడ్డా, అన్నాడు, కడుపు కాలుతున్నా మొదటిమాట సాలనే అనాలి, చిన్నప్పుడు తన అవ్వ నేర్పిన మర్యాద, అనసూర్య గంటె తిప్పుకుని ముందుకు పోయింది, పళ్లెం మీద అడ్డం పెట్టిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది, పక్కన కూర్చున్న ముసలి మొండయ్య సాలు, ఆ పక్కన ఇంకొకరు సాలు, వరుస పొడుగునా సాలు సాలు, గంటె ఎక్కడా ఆగలేదు, దొరికింది, ఇగో దొరికింది, ఇంకోపారి అడగవా బిడ్డా, అన్నాడు, నువ్వే సాలంటివి గదనే తాతా, ఒద్దన్నంక ఎట్ల పెడుదు, అంది అనసూర్య, నిజమే, ఆ పిల్ల తప్పేముంది.

సంబరం కావాలి, కాలేదు, ముద్ద నోటి దగ్గర పెడితే సారక్క తల అడ్డంగా ఊపుతుంది, తినే, ఇంకొక్క బుక్క, అంటే మళ్లీ ఊపుతుంది, మూడోసారి బతిమాలితే గాని నోరు తెరవదు, ఇక్కడ పడిపోదు, కానీ పస్తుంటుంది, ఇంట్లో కడుపు నిండుతుంది, కానీ నెత్తి పగులుతుంది, ఆమెకు మాట పడిపోయిన నాటినుంచి తనను మాత్రం రెండోసారి అడిగినవాళ్లెవరు, తిను తిను, బాయి దిగే మొగోడివి గింతే తింటవా, అని తిట్టుకుంటూ గంటె బోర్లించే సారక్క చెయ్యి ఇప్పుడు మంచం మీద కట్టెలా పడి ఉంది, అది లేవదని తెలిసీ పళ్లెం మీద తన చెయ్యి ఇంతసేపు దానికోసమే ఆగింది, అమ్మా రాధాబాయీ, అని పిలిచాడు, ఏమాయె పెద్దయ్యా, ఏం తప్పు దొరికింది, అంటూ ఆమె వస్తుండగానే, అడగాల్సింది సారక్కకు ఒక మంచం కాదని, పక్కపక్కన రెండు మంచాలని, గట్టయ్యకు తెలిసిపోయింది.