కళ్లు లేని రెక్కలు

పరశురాములు దినాల నాడు పిట్ట ముట్టలేదు.

సాగర్ కాల్వ గట్టున విస్తరిలో అన్నం, కోడికూర, దొప్పలో కల్లు పెట్టి అందరూ పక్కకు జరిగారు. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. ఏదో కోరిక మనసులో పెట్టుకుని పోయాడన్నారు. పొద్దు వాలేదాకా చూసి, ఆకలికి ఆగలేక అన్నాలకు లేచారు. భార్య సత్తెమ్మ ఒక్కతే కూర్చుంది.

మసక పడ్డాక గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటి వచ్చి దొప్ప అంచున వాలింది. మూసిన రెక్కల మీద వరసగా కళ్లు. నల్లగుడ్డు, నడుమ తెల్లచుక్క, చుట్టూ పసుపు గీత. అది కల్లు తాగినంతసేపూ సత్తెమ్మ కదల్లేదు.

"ఆయిన ముట్టిండు," అని వచ్చి చెప్పింది.

"పిట్టను పిలువమంటే పురుగును పిలిసినవా వదినె," అన్నాడు మరిది లక్ష్మీనర్సయ్య. "కల్లు కాడికే వచ్చిందంటే మా అన్ననే కావచ్చు తీ."

నవ్వారు. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లు వెనక కూలీల లైన్లో ఆమె గది. మిల్లులో వడ్లు ఆరబోసి వచ్చాక, మాగిన అరటిపండు ఒలిచి గడప పక్కన పెట్టేది. చీకటి పడే వేళకు సీతాకోకచిలుక వచ్చేది. ఏ లారీ దిగబడిందో, నల్లా దగ్గర ఎవరు కొట్లాడారో దానికి చెప్పేది. పిల్లలు లేరు. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

చలి ముదిరాక వచ్చినదానికి రెక్కల మీద కళ్లు లేవు. ఎండుటాకులా ఉంది. మర్నాడూ అంతే. సత్తెమ్మకు ముద్ద దిగలేదు. పక్క గదిలో కిరాయికి ఉంటున్న నీరజను పిలిచింది. నీరజది కోదాడ. ఇక్కడి కాలేజీలో జువాలజీ చెబుతుంది.

"కండ్లు మూసుకుంది బిడ్డా. కోపమొచ్చిందా ఏంది?"

నీరజ వంగి చూసింది. "ఇది మెలానిటిస్ అనే జాతి పెద్దమ్మా. వరి ఆకు మీద గుడ్లు పెడతాయి. వానల్లో పుట్టినవాటికి కళ్లుంటాయి, పిట్ట తలను వదిలేసి రెక్కను పొడవాలని. వానలు పోయాక పుట్టినవాటికి ఉండవు. ఎండుటాకుల్లో దాక్కోవాలి కదా."

"అంటే గిది అది గాదా?"

"అదెప్పుడో చచ్చిపోయుంటది. కొన్ని వారాలే బతుకుతాయి. మధ్యలో ఎన్ని మారాయో."

సత్తెమ్మ గడప పక్కన కూర్చుంది.

"కల్లు తాగినంకనే పోయింది గద బిడ్డా."

"ఏది పెద్దమ్మా?"

"ఏం లేదు తీ. కడుపు నిండినంకనే పోయింది."

ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది. ఇక పరశురాములుకు కోరిక మిగల్లేదు.

మర్నాడు అలవాటుగా అరటిపండు తెచ్చింది. సీతాకోకచిలుక వచ్చి వాలింది. మిల్లులో బెల్టు తెగిన సంగతి చెప్పబోయి సత్తెమ్మ ఆగింది. ఎవరిదో, ఎక్కడ పుట్టిందో. సగం పండు దాని ముందు పెట్టింది. మిగతా సగం తను తిన్నది. తలుపు దగ్గరగా వేసింది.